బాబాయి ఆయాసం

మాచర్ల దగ్గర నాపరాళ్ల గనిలో పనిచేసిన మా బాబాయికి జరిగింది గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. తెల్లదొరల రోజులవి. ఇంటి ముందున్న చిన్న మిట్ట ఎక్కడానికే రొప్పుతూ, గోడకు చెయ్యి ఆనించి, "కాస్త గాలి ఆడనీరా" అనేవాడు.

గని యజమాని తీసుకొచ్చిన డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, "బీడీలు మానెయ్" అన్నాడు.

"ఈయన జన్మలో బీడీ ముట్టలా. పొద్దస్తమానం రాతి దుమ్ము పీలుస్తుండాడు. దానివల్లేమో చూడయ్యా" అంది పిన్ని.

డాక్టరు యజమాని ముఖం చూసి, గొట్టం సంచిలో పెట్టుకున్నాడు.

బాబాయి ఆ వేసవి దాటలేదు. పరామర్శకు వచ్చిన యజమాని, "పెద్దోణ్ణి పనిలోకి పంపమ్మా, అదే కూలి ఇస్తా" అన్నాడు, మేలు చేస్తున్నవాడిలా.

పిన్ని కళ్లు తుడుచుకుంది. "నా బిడ్డ అడుక్కుతింటాడు గానీ నీ గనిలో అడుగు పెట్టడు. ఇక లెగు" అంది.