గసగసాల పొట్లం

ఇప్పటికీ మా ఇంట్లో గసగసాలు వేయిస్తుంటే నేను లేచి వెళ్లి కిటికీ తెరుస్తాను.

ఇరవయ్యేళ్ల కిందట, క్రిస్మస్ సెలవుల్లో, సత్తుపల్లి నుంచి పదిమందిమి దుబాయిలో ఉన్న బాబాయి దగ్గరికి బయల్దేరాం. డిసెంబరులోనూ స్వెటర్ అక్కర్లేని ఎడారి ఊరని విన్నాం. ముందురోజు బాబాయి పెద్దమ్మకు ఫోన్ చేశాడు.

"వదినా, గసగసాలు నూరేసి కోడికూర వండాలె నువ్వు. ఈడ అవి దొరకయి."

పెద్దమ్మ వాటిని పొట్లం కట్టి చీరల మధ్య పెట్టుకుంది. అక్కడ అవి మత్తుమందు కింద లెక్కని, నిషేధమని మాకెవరికీ తెలియదు.

దుబాయి విమానాశ్రయంలో అధికారి ఆ పొట్లం పైకెత్తి ఎవరిదని అడిగాడు. నాన్న పెద్దమ్మను చూపించి, మాది కాదు, ఆమెదని తనకొచ్చిన హిందీలో చెప్పాడు. నా చెయ్యి పట్టుకుని నాలుగడుగులు పక్కకు జరిగాడు. మిగతావాళ్లూ జరిగారు. పెద్దమ్మను అద్దాల గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఏదో మర్యాద చేస్తున్నారనుకుని నేను చెయ్యి ఊపాను. ఆమె కూడా ఊపింది.

సాయంత్రానికి వదిలిపెట్టారు. కారు దగ్గర బాబాయి, "గివన్నీ ఎవరు తెమ్మన్నరు వదినా" అన్నాడు. పెద్దమ్మ కారెక్కింది.

మర్నాడు ఆమే కోడికూర వండింది.

"గసగసాలుంటే ఇంక మంచిగుండేది" అన్నాడు నాన్న, రెండోసారి వడ్డించుకుంటూ.

ఆ తర్వాత ఏ ప్రయాణానికి పిలిచినా పెద్దమ్మ కాళ్లనొప్పులనేది. వరినాట్లప్పుడు అందరికంటే ముందు మడిలోకి దిగేది ఆమే. అయినా రమ్మని ఎవరమూ రెండోసారి అడగలేదు.