బావకు వినపడని ‘కు’

మా అక్క మొగుడు తుపాకీ కాల్చడం నేర్పే మాస్టారు. కొత్తగా సైన్యంలో చేరినవాళ్ళు మొదటిసారి బోర్లా పడుకుని తుపాకీ పట్టేది ఆయన ముందే. వాళ్ళు ఆయనకు పెట్టిన పేరు ‘ఊపిరి సార్’. "ఊపిరి తీసుకో, సగం వదులు, ఆపు, అప్పుడు నొక్కు" అని పొద్దస్తమానం అదే పాట. ఇంట్లో అక్క సూదిలో దారం ఎక్కిస్తున్నా అదే చెబుతాడు. నేను అదే ఫైరింగ్ రేంజ్‌లో వడ్రంగిని. టార్గెట్ బోర్డులు తయారుచేస్తాను, కాల్పులప్పుడు వాటి కింద గోతిలో కూర్చుని, చిల్లులు పడ్డచోట కాగితం అతికిస్తాను. ఆయన చిల్లులు పొడిపిస్తాడు, నేను అతుకులేస్తాను. బావాబామ్మర్దులిద్దరూ సర్కారు ఖర్చుతో ఆడుకుంటున్నారని మా అక్క వేళాకోళం.

బావకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పోయింది. కాల్పుల దగ్గర అందరి చెవుల్లోనూ దూది కుక్కించేవాడు గానీ తను పెట్టుకునేవాడు కాదు. "నేనూ మూసుకుంటే గోతిలోంచి నువ్వు అరిచేది ఎవడు వింటాడ్రా?" అనేవాడు. నాకోసం తెరిచి ఉంచుకున్న చెవులే పాడయ్యాయి. ఈ సంగతి పైవాళ్ళకు తెలిస్తే రేంజ్‌లోంచి తీసేస్తారు. ఆయనకేమో రేంజ్ తప్ప వేరే లోకం లేదు. అందుకని డాక్టరు పరీక్షకు పిలిచినప్పుడల్లా పెదవులు చూసి జవాబు చెప్పి నెగ్గుకొచ్చేవాడు. ఇది నాకొక్కడికే తెలుసు. అక్కకు కూడా తెలియదు.

ఆ ఏడాది వచ్చిన రిక్రూట్లలో ఒక అమ్మాయి ఉండేది. అంతకుముందు బట్టలు కుట్టేది కాబట్టి అందరూ ‘దర్జీ’ అనేవాళ్ళు. ఆమెతో బావకు రోజూ తలనొప్పే. తోటివాళ్ళు కాల్చేసి లేచి దుమ్ము దులుపుకుంటుంటే ఆమె ఇంకా చూస్తూనే ఉండేది.

"ఏమ్మా, ఆ బోర్డుకి కొలతలు తీసుకుంటున్నావా?"

"సరిగ్గా చూసుకుంటున్నా సార్."

"నువ్వు చూసుకునేలోపు అవతలివాడు ముసలాడైపోతాడు!"

మధ్యాహ్నాలు తుప్పల్లో పాకడం, దాక్కోవడం, నోరు మెదపకుండా చేతులతో మాట్లాడుకోవడం నేర్పేవాడు. అందులో ఒక్కటి మాత్రం వాళ్ళకు నూరిపోసేవాడు. ఎవరు పిడికిలి పైకెత్తినా సరే, మిగతావాళ్ళంతా ఉన్నచోటే బిగుసుకుపోవాలి. ఎందుకని అడగకూడదు. ఎత్తింది అందరికన్నా వెనకబడ్డవాళ్ళైనా సరే, సార్‌తో సహా అందరూ ఆగాల్సిందే.

ఆ రోజు గాలి బాగా వీస్తోంది. మూడో బోర్డు ఒరిగిపోయింది. నేను "బావా, మొదలెట్టకు!" అని గోతిలోంచి అరిచి, సుత్తీ మేకులూ పట్టుకుని పైకెక్కి, బోర్డు వెనక నిలబడి సరిచేస్తున్నాను. చివరి ముక్కను గాలే ఎగరేసుకుపోయిందో, బావ చెవే జారవిడిచిందో గానీ ఆయనకు చేరింది మాత్రం "బావా, మొదలెట్టు". ఒక్క ‘కు’ తేడా. వద్దనడానికి మన భాషలో అంతకంటే ఎక్కువ ఖర్చుపెట్టం మరి.

రిక్రూట్లంతా వరసగా పడుకుని ఉన్నారు, వాళ్ళ చెవుల్లో దూది. నా అరుపు వాళ్ళకెలా వినపడుతుంది? బావ దూదిని దాటి వినపడేలా "సిద్ధం!" అని కేకేశాడు. ఆ కేక నాకూ వినిపించింది. మళ్ళీ అరుద్దామని తోచలేదు. గోతిలోకి దూకుదామని కూడా తోచలేదు, సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అప్పుడు దర్జీ తుపాకీ మీంచి చెయ్యి తీసి పిడికిలి పైకెత్తింది. ఎప్పటిలాగే నిదానంగా చూసుకుంటుంటే బోర్డు కింద రెండు చెప్పులు, వాటిలో రెండు కాళ్ళు కనిపించాయట. వరసంతా బిగుసుకుపోయింది. బావ కూడా బిగుసుకుపోయాడు. ‘కాల్చండి’ అన్న మాట ఆయన నాలిక మీదే ఆగిపోయింది.

తుపాకులన్నీ ఖాళీ చేయించి బావ నా దగ్గరకు నడిచొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమని అరిచావురా?"

"మొదలెట్టకు అన్నాను బావా."

"నాకు మొదలెట్టు అని వినపడింది."

"గాలి బావా. గాలి ఎక్కువగా ఉంది కదా. అడిగితే అదే చెబుదాం."

"గాలా?" అని నా చొక్కా పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు, వదల్లేదు, అలా పట్టుకునే ఉన్నాడు. "మీ అక్కకి ఏమని చెప్పేవాణ్ణిరా? గాలి అని చెప్పేవాణ్ణా?"

అక్కణ్ణుంచి తిన్నగా మేజర్ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని మేజర్ వేసిన కేకలు వరండాలో నిలబడ్డ నాకు వినిపించాయి. అందులో సగం బావకు వినపడి ఉండవు, అదొక్కటే లాభం. రేంజ్ పోయింది. తుప్పల్లో పాకించే పని, సైగలు నేర్పే పని మాత్రం ఆయనకే వదిలేశారు. అక్కడ అరవకపోవడమే కదా చదువు. గదిలోంచి వచ్చి బావ ముందు దర్జీని వెతుక్కుంటూ వెళ్ళాడు. "నువ్వు ఎంతసేపైనా చూసుకో తల్లీ," అన్నాడు. ఆమె ఏమందో ఆయనకు అందినట్టు లేదు, ఆమె చేతులు ఒకసారి పట్టుకుని వదిలి వచ్చేశాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర బావే అక్కకు అంతా చెప్పాడు, నా చెప్పులతో సహా. అక్క నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది, ముక్కలన్నీ సరిగ్గా ఉన్నాయా అన్నట్టు. తర్వాత మొగుడి వైపు తిరిగింది. ఇక దులిపేస్తుందనుకున్నాను, మా అక్క నోరు చిన్నదేమీ కాదు.

"అయితే ఇన్నాళ్ళూ నేనేదడిగినా నవ్వి తలూపింది వినపడకేనా?" అంది. "కూరలో ఉప్పు ఎక్కువైందా అని అడిగేదాన్ని. మీరు నవ్వేవారు. బాగుందేమో అని మురిసిపోయేదాన్ని." కొంగుతో కళ్ళొత్తుకుంది.

బావ ఈసారి ఆమె పెదవుల వంక చూడలేదు. తల వంచుకుని, "సగమే వినపడింది. మళ్ళీ చెప్పు," అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

అక్క లేచి ఆయన కుడిపక్కకు వచ్చి, చెవి దగ్గరకు వంగింది. "ఉప్పు ఎక్కువైందా?"

"ఎక్కువైంది," అన్నాడు బావ. "రోజూ ఎక్కువే."

అక్క ఏడుస్తూనే నవ్వి ఆయన నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. తర్వాత తన కంచం తెచ్చుకుని ఆ కుడిపక్కనే కూర్చుంది.