శ్రీమన్నారాయణ చేతివాసి

చేతివాసి అనే మాటను ఎవడు పుట్టించాడో గాని, వాడి నోట్లో మన్ను పడ! ఆ ఒక్క మాట శ్రీమన్నారాయణను నడివయసులోనే ముసలివాణ్ణి చేసి కూర్చోబెట్టింది.

మనిషికి ఏం తక్కువ? నూజివీడు నుంచి మైలవరం పోయే దారిలో మామిడితోట ఉంది, అందులో తాతలు నాటిన చిన్నరసాలున్నాయి, ఊళ్లో పెంకుటిల్లు ఉంది, నెమ్మదైన ఇల్లాలు సీతారావమ్మ ఉంది. అయితే అతను స్వయంగా నాటిన అంటు ఒక్కటీ బతకలేదు. కొన్న గేదెకు చూలు నిలవలేదు. కొబ్బరి మొక్కలు పెడితే పురుగు తినేసింది. పిల్లలు కలగకపోతే ఊరు దాన్ని కూడా ఆ లెక్కలోనే వేసింది. తొలి గింజ పాలేరు చేత చల్లించుకొమ్మని సొంత మేనత్తే చెప్పింది. పక్కింటి పున్నమ్మ అయితే మరీను. ఆవిడ గుమ్మడిపాదు పెట్టేటప్పుడు ఇతను అటుగా వస్తే, "కాస్త ఆగి రా నాయనా, గింజ పెట్టేస్తున్నా" అనేది, నవ్వుతూనే. నవ్వుతూ అంటే మాత్రం గుచ్చుకోదా ఏం? కంచం ముందు కూర్చుని కూడా అతను అరచెయ్యి వంక చూసుకునేవాడు.

అరవై రెండులోనో మూడులోనో, తేనెటీగల పెంపకం నేర్పేవాళ్లు నూజివీడు వచ్చారు. సరదాకి వెళ్లి, నేర్చుకుని, ఒక చెక్కపెట్టె ఈగలతో సహా తెచ్చుకున్నాడు. "గేదెలు నిలవనిచోట ఈగలు నిలుస్తాయంటయ్యా!" అని ఊరంతా నవ్వింది. తొలి ఏడు నిజంగానే నిలవలేదు. మామిడి పూతకు పురుగు పట్టిందని పక్కతోటలో డీడీటీ పొడి కొట్టించారు. పూతమీదకు వెళ్లొచ్చిన ఈగలు పెట్టె ముందు గిరగిరా తిరిగి నేలమీద పడిపోయాయి. శ్రీమన్నారాయణ వాటి ముందు గొంతుక్కూర్చుని సాయంత్రం దాకా చూస్తూ ఉండిపోయాడు.

మరో ఏడు మళ్లీ తెచ్చాడు. అవి నిలిచాయి! వానల్లో నిలిచాయి, చలిలో నిలిచాయి. పూలు దొరకని రోజుల్లో సీతారావమ్మ కాఫీ మానుకుని, కంట్రోలు కొట్లో ఇచ్చిన పంచదారంతా పాకం పట్టి కొబ్బరిచిప్పలో పోసి పెట్టెలో పెట్టింది.

చలి విరగ్గానే అసలు పని మొదలవుతుంది. మూత తీసి, నల్లబడిన పాత పట్టును కోసెయ్యాలి. అడుగు పలకమీద రాలిన మైనం పొట్టును ఊడ్చెయ్యాలి, ఊడ్వకపోతే పురుగు పడుతుంది. పెట్టె కాళ్ల కింది నీళ్ల చిప్పలు ఎండిపోకుండా చూసుకోవాలి, ఎండితే చీమలు వదలవు. అన్నిటికన్నా ముఖ్యం, రాణి ఈగ గుడ్లు పెడుతోందా లేదా అని చూడాలి. ఆ మాఘమాసంలో శ్రీమన్నారాయణ భయం భయంగా మూత తీస్తే పట్టు నిండా పిల్లపురుగులే.

పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి, "సీతా, మన పెట్టె నిండా పిల్లలేనే!" అన్నాడు.

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని, "చల్లగా ఉండనివ్వండి" అంది.

"ఈ పూత ఒక్కటి దాటనీ. పెట్టెను రెండు పెట్టెలు చేస్తాను. నా చేతిలో ప్రాణం నిలవదన్నవాళ్లను ఒక్కొక్కళ్లనే పిలిచి చూపిస్తాను" అన్నాడు. అంత పౌరుషంగా మాట్లాడటం ఆవిడ అంతకుముందు వినలేదు.

ఆ ఏడు పక్కతోటను పూతమీదే గుత్తకు తీసుకున్నది హనుమాన్ జంక్షన్ వ్యాపారి తిరుపతిరావు. పొడి కొట్టే మిషను రేపొస్తుందని తెలిసి శ్రీమన్నారాయణ గట్టు దాటి వెళ్లి బతిమాలాడు.

"పూతమీద పొడి వద్దండీ తిరుపతిరావుగారూ. నా ఈగలు చచ్చిపోతాయండి."

"పురుగు తినేస్తే నేను చస్తాను కదండీ! ఒక్క రోజు వాటిని బయటికి రానివ్వకండి. అంతకంటే నేనేం చెయ్యగలనండీ?" అన్నాడు తిరుపతిరావు. చెడ్డవాడేం కాదు, పెట్టుబడి పెట్టినవాడి బాధ అది.

పొద్దుగూకి ఈగలన్నీ లోపలికి చేరాక శ్రీమన్నారాయణ పెట్టె దగ్గరకు వెళ్లాడు. ఎప్పుడైనా మూయాల్సివస్తే ఈగలు వచ్చిపోయే వాకిలికి పెట్టమని, పెంపకం నేర్పినవాళ్లు సన్నటి ఇనప జల్లెడ ముక్క ఇచ్చారు. గాలి ఆడాలయ్యా అని మరీ మరీ చెప్పారు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పొడి అంటే పొగలాంటిది, జల్లెడ ఆపుతుందా? కిందటిసారి నేలమీద గిరగిరా తిరిగిన ఈగలు కళ్లముందు మెదిలాయి. అంతే, జల్లెడను పక్కన పడేశాడు. విత్తనాల గాదె మూతకు మెత్తినట్టు పేడా మట్టీ కలిపి వాకిలికి మెత్తాడు. పలకల సందులకు మెత్తాడు, మూత చుట్టూ మెత్తాడు. గాదె మెత్తడంలో అతని పనితనానికి వంకపెట్టేవాడు లేడు. చీమ దూరే సందు కూడా మిగల్చలేదు.

"ఊపిరాడొద్దూ వాటికి?" అంది సీతారావమ్మ.

"చెట్టు తొర్రల్లో బతికే పురుగులే. ఒక్కరోజుకేం కాదు."

తెల్లవారింది. మిషను రాలేదు. గాలి ఎక్కువగా ఉంది, తగ్గాక కొడతారేమో అనుకున్నాడు. పొద్దెక్కింది. ఆ ఏడు ఎండ ముందే ముదిరింది. పెట్టెలోంచి రొద వస్తోంది, ఎప్పుడూ లేనంత రొద. చెయ్యి ఆనిస్తే పలక వెచ్చగా అదురుతోంది.

"చూశావా, ఎంత గట్టిగా ఉన్నాయో" అన్నాడు.

"తీసెయ్యండి, నాకెందుకో భయంగా ఉంది."

"తీశాక వాళ్లొచ్చి కొడితే? నీకేం తెలీదు, ఊరుకో!"

భోజనాల వేళకు రొద తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగింది. హమ్మయ్య, సద్దుమణిగాయి అనుకున్నాడు వెర్రిబాగులవాడు! ఆ రొద ఊపిరాడక రెక్కలు కొట్టుకున్న రొద అని అతనికేం తెలుసు? పెట్టె అడుగునుంచి, మెత్తిన మట్టిని తడిపి తేనె కారడం మొదలుపెట్టాక తెలిసింది. గోళ్లతో మట్టి పెళ్లగించాడు. మూత తీస్తే లోపల మైనం కరిగి పట్టు కూలిపోయి ఉంది. తేనెలో తడిసి నల్లగా ముద్దలు ముద్దలుగా ఈగలు. ఒక్కటీ కదల్లేదు. సీతారావమ్మ ఒక్కసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చెప్పానా అని మాత్రం అనలేదు. ఆ మాట ఆవిడ తర్వాతైనా ఎప్పుడూ అనలేదు.

సాయంత్రం తిరుపతిరావు తనే గట్టు దాటి వచ్చాడు, నవ్వు మొహంతో. అప్పటికి పెట్టె మూత వేసేసి ఉంది.

"మీరు నిన్న అడిగిన తీరు చూశాక మనసొప్పలేదండి. పురుగు కూడా మరీ అంతగా లేదు. మిషను వద్దని కబురు పెట్టేశాను. పొద్దున్నే మీకు చెప్దామనుకున్నా, పనిలోపడి కుదర్లేదు. హాయిగా వదిలేసుకోండి మీ ఈగల్ని!"

శ్రీమన్నారాయణ మట్టి అంటిన చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.

"చప్పుడే లేదేంటండీ?" అన్నాడు తిరుపతిరావు పెట్టె వంక చూస్తూ.

"ఎగిరిపోయాయండీ. పొద్దున మూత తీసేసరికి ఎగిరిపోయాయి" అంది సీతారావమ్మ.

"అయ్యయ్యో! మీకోసమే ఆపించానండీ" అని నొచ్చుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాటికల్లా ఊరంతా పాకింది. పున్నమ్మ గోడమీంచి తొంగి చూసి, "ఈగలు కూడా నిలవలేదంటగా నాయనా! నీ చెయ్యి అలాంటిది, ఏం చేస్తాం" అంది. ఎప్పటిలా అయితే మొహం మాడ్చుకుని లోపలికి పోయేవాడే.

"అంతే పిన్నీ. నా చేతివాసి అంతే" అన్నాడు. పున్నమ్మే బిత్తరపోయింది.

లోపలికి రాగానే సీతారావమ్మ నిలదీసింది. "అదేంటండీ? ఎవరెన్నన్నా ఇన్నేళ్లూ ఒప్పుకోలేదు. ఇవాళ మీ నోటితో మీరే అనేసుకున్నారేం?"

"అననీ సీతా. చెయ్యి మంచిది కాదంటే తప్పు దేవుడిమీదకు పోతుంది. నేనే మెత్తానంటే ఎవరిమీదకు పోతుంది?" అన్నాడు.