"లేరండీ" అన్న మాట

భవానీపురంలో చేపల వలలు బాగుచేసే ఎల్లారావును ఒక వెబ్‌సైటు చంపేసింది. ఊళ్లో దుకాణాల వివరాలు పెట్టే ఆ సైటువాళ్లు ఫోన్ చేసి "ఎల్లారావు గారున్నారా?" అని అడిగితే, భార్య గంగారత్నం "లేరండీ" అంది. అప్పుడతను టీ తాగడానికెళ్లాడు. వాళ్లేమో పేరు ముందు "కీర్తిశేషులు" తగిలించి, దుకాణం మూసేశారని రాసిపడేశారు. తెలిసిన జాలర్లంతా గంగారత్నాన్ని ఓదార్చడానికి ఫోన్లు చేస్తుంటే, పక్కనే కూర్చున్న ఎల్లారావుకు ఒళ్లు మండిపోయింది.

అదే వీధిలో నెట్ సెంటర్‌లో పనిచేసే శ్రీదుర్గ అతని గోడు విని, దుకాణానికే వచ్చింది. ఒళ్లో వల, చేతిలో ఆనాటి పేపరుతో అతన్ని ఫొటో తీసి, సైటుకు మూడుసార్లు మెయిల్ రాసింది. పదో రోజుకు ఆ తప్పుడు రాత పోయింది. ఎల్లారావు డబ్బులివ్వబోతే, "మీరు చల్లగా ఉండండి బాబాయ్, అంతే చాలు" అంది శ్రీదుర్గ.

మర్నాడు ఎల్లారావు క్యారేజీ నిండా రొయ్యల కూరతో నెట్ సెంటర్‌కు వెళ్లాడు. పక్క కుర్చీలో ఉన్నావిడ తలెత్తకుండానే చెప్పింది.

"శ్రీదుర్గ గారు లేరండీ."

ఎల్లారావు గయ్యిమన్నాడు.

"ఆ మాటనకమ్మా! బయటికెళ్లారను. ఆ తల్లి నూరేళ్లుండాలి!"