సైరన్ మోగని ఆదివారం

ఆ ఆదివారం పొద్దున నూలు మిల్లు సైరన్ మోగలేదు. సెలవు రోజు కాబట్టి మోగకపోవడంలో వింతేమీ లేదు. కానీ ఆ రోజు మిల్లులో ఓవర్‌టైమ్ ఉందని పోగులక్క ఒక మగమనిషికి చెప్పి ఉంది. సైరన్ సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఎలా తడుతుంది? మిషను మీద తెగిన పోగులు అతికించడం ఆమె పని. అందుకే ఆ పేరు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు మిల్లులో చేరింది, ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. సైరన్ కూసే వేళకు ఎప్పుడూ మిషను పక్కనే ఉంటుంది. ఆ హోరులో పక్కన పిడుగు పడినా వినపడదు. షిఫ్టు మారిందని తలుపు మీద ఎర్రబల్బు వెలిగితేనే తెలుస్తుంది. లోపల ఆడవాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. చెంప మీద వేలు పెడితే మేస్త్రీ వస్తున్నాడని, పిడికిలి గుండెకు ఆనిస్తే పక్కన నిలబడమని. సైరన్ బయటివాళ్ళది. ఊరంతా దాన్నిబట్టే నిద్ర లేస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది.

దానికి కొన్నాళ్ళ ముందు, మహిళా సంఘం నడిపే టీచరమ్మ మిల్లు గేటు దగ్గర పోగులక్కను ఆపి అడిగింది. "గుట్ట మీద పాత బంగ్లా తీసుకున్నాం. ఒక పగలు, ఒక రాత్రి. వంట లేదు, అంట్లు లేవు, మొగుడు లేడు. మీ మిల్లు వాళ్ళని నువ్వే కదిలించాలి."

"నేనా? మా ఇంట్లో పిల్లి కూడా నా మాట వినదు టీచరమ్మా," అంది పోగులక్క. కానీ ఒప్పుకుంది. ఆ తర్వాత కాళ్ళు నిలబడలేదు. వ్యాను మాట్లాడింది, దుప్పట్లు పోగుచేసింది, ఒకావిడ అత్తగారిని, ఇంకొకావిడ మొగుణ్ణి బతిమాలింది. ఇంట్లో పోగులక్క అత్త మంచంలోంచే దెప్పేది. "ఇంతమంది ఆడాళ్ళని వెంటేసుకుని ఎక్కడికే ఊరేగింపు? నాకు గంజి కాచిపెట్టి పో."

"నువ్వూ రా అత్తా."

"నేనొస్తే మీ గుట్టు నిలుస్తుందా?" అని ముసలామె నవ్వింది. ఆ ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. పోగులక్క మొగుడు పోయాక ఒకరి సణుగుడు ఒకరికి తోడు.

అందరూ ఒప్పుకున్నారు, పిచ్చుక తప్ప. సన్నగా, చిన్నగా ఉంటుందని మిల్లులో ఆ పిల్లను అలా పిలుస్తారు. మొగుడు లారీ మెకానిక్. చూడ్డానికి నెమ్మదైన మనిషి. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. పిచ్చుక మాత్రం ఎండాకాలంలోనూ మోచేతి దాకా జాకెట్టు వేసుకునేది.

"పని అంటేనే పంపిస్తాడు అక్కా. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఒక్కరోజు పడుకుంటాను, అంతే."

పోగులక్క మెకానిక్ షెడ్డుకు వెళ్ళింది. ఆదివారం ఓవర్‌టైమ్ ఉందనీ, రాత్రి మిల్లులోనే పడుకుంటామనీ, సోమవారం షిఫ్టు అయ్యాకే ఇంటికనీ చెప్పింది. అతను చేతికంటిన గ్రీజు గుడ్డతో నెమ్మదిగా తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ.

"మీరు చెబితే ఇంకేం అక్కా. మనిషిని మీకప్పజెప్పినట్టే."

ఆ మాట మంచి మాటే. ఎందుకో తిరిగొచ్చేప్పుడు పోగులక్కకు వీపు వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టే అనిపించింది.

బంగ్లా చేరగానే ఆడవాళ్ళు పిల్లలైపోయారు. ఒకరు వరండాలో చెప్పులు విసిరేసి పరిగెత్తారు, ఒకరు పట్టపగలే ఫ్యాను కింద వెల్లకిలా పడుకున్నారు. మధ్యాహ్నం, మిల్లులో నూలు కండెలు మార్చే ఆవిడ పళ్ళెం తెచ్చి పోగులక్క ఒళ్ళో పెట్టింది. "తిను మహాతల్లీ. ఇవాళ నువ్వు లేచావంటే కాళ్ళు కట్టేస్తాం." తను వండని అన్నం ఎవరో కలిపి పెడితే ఎలా ఉంటుందో పోగులక్క మరిచిపోయింది. ఇన్నాళ్ళు తిరిగిన తిరుగుడంతా ఆ ముద్దతో తీరిపోయింది.

పిచ్చుక గోడవైపు తిరిగి నోరు తెరిచి నిద్రపోతోంది. జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. అక్కడ నాలుగు వేళ్ళ అచ్చులు, ఒక బొటనవేలి అచ్చు, నల్లగా కమిలి. కండెలావిడ వెళ్ళి దుప్పటి కప్పింది.

అప్పుడు పిచ్చుక సంచిలో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. ఎండ వాలేదాకా మోగుతూనే ఉంది. ఉన్నట్టుండి మానేసింది. మోగినప్పటికన్నా అప్పుడే ఎక్కువ భయం వేసింది పోగులక్కకు.

కాసేపటికి తన ఫోను మోగింది. అత్త.

"ఏమే, ఆ మెకానిక్కు వచ్చాడు. మంచినీళ్ళడిగి తాగాడు. అవ్వా, ఇవాళ సైరన్ మోగలేదేం అన్నాడు. ఆదివారం ఎందుకు మోగుతుంది నాయనా అన్నాను."

పోగులక్క ఫోను చెవికి అదిమింది. "ఇంకేం చెప్పావు?"

"అందరూ గుట్ట మీద బంగ్లాకి పోయారని చెప్పా. అబద్ధమాడాలని నాకు ముందు చెప్పి చావొద్దూ? వాడు నవ్వాడే. గ్లాసు కడిగి బోర్లించి మరీ పోయాడు."

చీకటి పడకముందే బండి చప్పుడైంది. మెకానిక్ గేటు అవతల ఆపి, దిగకుండా కూర్చున్నాడు. పోగులక్క మెట్లు దిగింది.

"మా ఆవిణ్ణి పిలవండక్కా. కోపమేం లేదు. ఇంటికి తీసుకుపోతా."

"తప్పు నాది బాబూ. అబద్ధం చెప్పింది నేను."

"మీ సంగతి తర్వాత." అదే నెమ్మది గొంతు.

టీచరమ్మ వెనక నుంచి గొణిగింది. "మొగుడూ పెళ్ళాల వ్యవహారం... మనం అడ్డుపడితే రేపు సంఘం మీదకొస్తుంది." పిచ్చుక అప్పటికే లేచి సంచి సర్దుకుంది. నిద్ర మొహం మీద చాప అచ్చులింకా పోలేదు.

"పోతాలే అక్కా. నీకెందుకీ గొడవ."

పోగులక్క ఆ చేతివంక చూసింది. ఇప్పుడు పంపితే రేపు షిఫ్టుకు ఈ పిల్ల రాదు. ఎల్లుండీ రాదు. ఆ సంగతి పిచ్చుకకూ తెలుసు, అందుకే సంచి అంత జాగ్రత్తగా సర్దింది. పోగులక్క వరండా వైపు తిరిగింది. మిషను దగ్గర చేసినట్టు పిడికిలి గుండెకు ఆనించింది.

వరండాలో కండెలావిడ చెయ్యి లేచింది. ఆమె పక్కనావిడదీ. ఒక్క మాట లేదు, చేతులే. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పిచ్చుక చుట్టూ, మెట్ల నిండా కూర్చున్నారు. టీచరమ్మకు అర్థం కాలేదు గానీ తనూ చివరి మెట్టు మీద కూలబడింది.

"ఏంటా చేతులు? ఏం చెప్పుకుంటున్నారు?" మొదటిసారి అతని గొంతు కొంచెం కదిలింది.

అతను మెట్ల మీదివాళ్ళ వంక చూశాడు. ఒక్కొక్క మొహం గుర్తుపెట్టుకుంటున్నట్టు.

"సరే. రేపైనా ఊళ్ళోకే కదా వచ్చేది," అని బండి తిప్పాడు.

సోమవారం వ్యాను ఎక్కేముందు టీచరమ్మ అందరిముందూ పోగులక్కకు గోడ గడియారం బహుమతిచ్చింది. చప్పట్లు కొట్టారు. పిచ్చుకా కొట్టింది. ఆ సాయంత్రం షిఫ్టు దిగాక పోగులక్క పిచ్చుకను తన ఇంటికే తీసుకెళ్ళింది. అత్త ఏమీ అడగకుండా మంచంలో ఒక పక్కకు జరిగింది. గడియారం చూసి మాత్రం ఊరుకోలేదు. "మంచిదిచ్చారు. వాడెప్పుడొస్తాడో టైము చూసుకోవచ్చు."

ఎవరూ నవ్వలేదు. తర్వాత ముగ్గురూ నవ్వారు. వీధి చివర బండి ఆగిన చప్పుడు విని నవ్వాపేశారు.

మంగళవారం తెల్లవారుతుండగా పోగులక్క తలుపు తీసింది. ఎదుటి గోడకు ఆనుకుని అతను ఉన్నాడు. చేతిలో గుడ్డ, వేళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇంటిముందు మిల్లు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరూ రమ్మనలేదు. కండెలావిడ ఆవలిస్తూ అంది, "త్వరగా కానివ్వు, కాళ్ళు పీకుతున్నాయి."

"మీ ఇల్లు ఆ చివర కదే. ఇంత చుట్టూ తిరిగొచ్చావా?" అంది పోగులక్క.

"రేపట్నించి రోజూ వస్తా. ఏం చేస్తావు?"

పోగులక్క పిచ్చుక చెయ్యి పట్టుకుని గడప దాటింది. ఆడవాళ్ళు వాళ్ళిద్దర్నీ మధ్యలో పెట్టుకుని రోడ్డు నిండా నడిచారు. వెనక బండి స్టార్టయింది. దాటిపోలేదు, ఆగిపోలేదు. వాళ్ళ నడకకు సమంగా, నెమ్మదిగా వస్తోంది. పిచ్చుక అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. పోగులక్క ఇంకా గట్టిగా పట్టుకుంది.

"వెనక్కి చూడకు," అంది.