ఎర్రజెండా ముందు, మోటారు వెనక

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. బి.ఎడ్. పట్టా చేతికొచ్చిన కొత్తలో అందరికీ అంతేనేమో. హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు ఇంగ్లీషు టీచర్ ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పమన్నారు. కరస్పాండెంట్ సార్ మెచ్చితేనే ఉద్యోగం. లేకపోతే మా మేనత్తకు (నా కోడలు పిల్ల టీచరమ్మ అయిందని అప్పటికే గల్లీ అంతా చాటింపు వేసింది) మొహం ఎలా చూపించను?

ఏడో తరగతికి రీడింగ్ కాంప్రహెన్షన్ చెప్పాలి. అంటే ఒక పాఠం చదివించి, వెనక పేజీలోని ప్రశ్నలకు అందులోంచే జవాబులు రాబట్టాలి. చేతికిచ్చిన జిరాక్స్ కాగితం మీద ఆవిరి యంత్రాలు, గుర్రాల్లేకుండా నడిచిన తొలి బండ్ల చరిత్ర ఉంది. పైపైన చూసి ఓస్ ఇంతేనా అనుకున్నాను. చివరి రెండు లైన్లు జిరాక్సులో తెగిపోయాయని నేనేం కలగన్నానా? సార్ వచ్చి వెనక బెంచీలో కూర్చోగానే నాకు పూనకం వచ్చింది. నా మోచెయ్యే పిస్టన్ అయింది, నోటితో బుస్సుబుస్సుమని ఆవిరి వదిలాను. కాజీపేట జంక్షన్ పక్కనే పుట్టిన పిల్లలు, ఇంజను కూత వాళ్లకు నేర్పాలా? క్లాసు క్లాసంతా కూతపెట్టింది. ఆ బండి దేని మీద నడిచేదని అడిగితే ఆవిరి అంటారనుకున్నాను, "రోడ్డు మీద మేడం!" అన్నారు. (తప్పని ఎలా అంటాం?)

ఆఖరి ప్రశ్న దగ్గర వచ్చింది చిక్కు. ఇంగ్లండులో తొలి మోటారు బండి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని ఎందుకు నడిచేవాడు?

"ధర్నా మేడం!" అని ఒకడు, "కాదు, బంద్ మేడం, మా బాపు గూడ పోతాండు!" అని ఇంకొకడు. ఎర్రజెండా అంటే మా ఊరి పిల్లలకు ఇంకేం తోస్తుంది? జవాబు కోసం కాగితం తిప్పి చూశాను. జెండా దగ్గరే కాగితం అయిపోయింది! సార్ ముందుకు వంగి నా వైపే చూస్తున్నాడు. తెలియదని ఒక్క ముక్క అంటే పోయేది, నా నోరు ఊరుకుంటుందా? "వెరీ గుడ్! మోటార్లొస్తే తమ పొట్ట కొడతాయని లండన్ టాంగావాళ్లు తీసిన ఊరేగింపు అది!" అనేశాను. క్లాసు చప్పట్లతో దద్దరిల్లింది. సార్ లేచి నిలబడి అన్నాడు:

"మా బాపు కాజీపేట స్టేషన్ కాడ టాంగ తోలిండు మేడం. ఆటోలొచ్చినంక బంద్ వెట్టిండు. లండన్ల గూడ మనోళ్ల లెక్కనే కొట్లాడిండ్రా? రేపటి సంది డ్యూటీకి రండ్రి."

మర్నాడు క్లాసులో అడుగు పెట్టానో లేదో, డౌట్ల పిల్ల (క్లాసు ఇచ్చిన బిరుదు, నేనిచ్చింది కాదు) వాళ్లక్క పుస్తకం పట్టుకుని ఎదురొచ్చింది. అందులో అదే పాఠం, తోకతో సహా. "మేడం, గది ధర్నా కాదు. బండి వస్తాందని ముందుగాల జెప్పెతందుకట, గుర్రాలు బెదరకుండ." సరిగ్గా అప్పుడే సార్ తన తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ముసలాయన కళ్లు మెరిసిపోతున్నాయి.

"లండన్ టాంగలోళ్ల ముచ్చట నువ్వేనా బిడ్డా జెప్పింది? జర మల్ల జెప్పు, నా చెవులతోని ఇంటా."

ఇటు ఆయన ఆశ, అటు పుస్తకం తెరిచి నన్నే చూస్తున్న డౌట్ల పిల్ల. నా ఉద్యోగం వయసు పది నిమిషాలు. "తాతా, నేను తప్పు చెప్పిన," అన్నాను. అసలు సంగతి చెప్పేశాను. సార్ మొహం మాడిపోయింది.

"అంటే," అన్నాడు ముసలాయన, "గుర్రం బెదురుతదని మోటరుకు ముంగట మనిషిని నడిపిచ్చిండ్రా? గంత ఇజ్జత్ ఉండెనా గుర్రానికి!" ఆనందం పట్టలేక చేతికర్ర నేలకేసి కొట్టాడు. "ఇన్నవా కొడుకా? ఆటోలోళ్లు హారన్ గొట్టి గొట్టి నా గుర్రాన్ని ఆగం జేసిండ్రు. ధర్నా కంటె గిదే మంచిగున్నది. బిడ్డా, ఇంకొక్కసారి జెప్పు!" మూడుసార్లు చెప్పించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ సార్ నా వైపు తిరిగి, "రేపటి సంది పాఠం మొత్తం సదువుకొని రండ్రి మేడం," అన్నాడు. రేపటి నుంచి! అంటే ఉద్యోగం ఉన్నట్టే కదా? ఎగిరి గంతెయ్యలేదు గాని, లోపల ఇంజను కూత మళ్లీ మోగింది.

ఇప్పుడు ఏ కాగితమైనా చివరి లైను ముందు చూస్తాను. తెలియదని పిల్లలతో రోజుకు నాలుగుసార్లు సిగ్గులేకుండా చెబుతాను. డెమోకు వచ్చే కొత్త టీచర్లు దంచేస్తుంటే వెనక బెంచీలో కూర్చుని నవ్వుకుంటాను. అయినా రెండు క్షణాల్లో లండన్‌లో ఊరేగింపు తీయించిన ఆ పిల్ల మీద నాకు కోపం రాదు. అప్పుడప్పుడు ఆమె మీద బెంగగా ఉంటుంది.