అరవై ఒక్క మెట్లకు గంధం

సరస్వతీదేవికి గంధం పూసి ఆమె నోరు మూసినవాణ్ణి మీరెప్పుడైనా చూసినారా? లేదంటే నన్ను చూడండి. తొంభైల్లో, మద్రాసు తొండియార్‌పేటలో, పది మంది ముందర ఆ ఘనకార్యం చేసిన మహానుభావుణ్ణి నేనే.

మాది పప్పుల హోల్‌సేల్ కొట్టు. చిన్నప్పుడు మా అవ్వ శనివారం భజనలో పాడతా ఉంటే నేను హార్మోనియం వాయించేవాణ్ణి. "పాట వెంట పరిగెత్తతావే గానీ, శృతి పట్టుకొని కూర్చోవు గదరా!" అని ఆమె తిట్టేది. ఆమె తిట్టేది, నేను పరిగెత్తేది, భజన జరిగిపోయేది. నేను కొట్లో కూర్చున్నాక హార్మోనియం అటకెక్కింది. దాని తిత్తిని ఎలకలు తినేసినాయి. అవ్వ పాట గూడా అంతటితో ఆగిపోయింది.

పన్నెండేళ్ల తర్వాత, దసరా వస్తా ఉందనగా, అవ్వ నన్ను పిలిచింది.

"శీనా, ఈ దసరాకు ఒక్క పాట పాడాలని ఉందిరా. నువ్వు వాయించాల. వచ్చే ఏటికి ఈ గొంతు ఉంటాదో ఉండదో."

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి అట్టా అడిగితే ఎవురు కాదంటారు? "వాయిస్తానవ్వా" అని మాటిచ్చేసినాను.

మౌంట్ రోడ్డులో వాయిద్యాల కొట్టుకు పోయినాను. కొట్టాయన తమిళాయనే, అయినా సరుకు పోవాలని నాతో తెలుగులోనే మాట్లాడినాడు. రెండు కీబోర్డులు ముందర పెట్టినాడు. ఒకటి జపాన్‌ది, వేళ్లతో నొక్కే మెట్లు నలభై తొమ్మిది. ఇంకోటి ఊరూ పేరూ లేనిది, అరవై ఒక్క మెట్లు, ధర మాత్రం సగం. పప్పుల వ్యాపారి ఏం చేస్తాడు? ధరను మెట్లతో భాగించినాడు.

"మెట్టుకింత అని చూస్తే ఇదే లాభం" అన్నాను.

"సార్, ఇది కందిపప్పు కాదు సార్. దీని మెట్లు వదులు. సందుల్లో తడి పోయిందంటే అంతే."

"మా ఇంట్లో దీన్ని ఎవురు నీళ్లు పోసి కడుగుతారయ్యా?"

"సరి సార్, మీ ఇష్టం" అని ఆయన డబ్బా కట్టేసినాడు.

మద్రాసులో మావాళ్ల ఆచారం ఒకటుంది. నవమి నాడు తక్కెడ, తూకపురాళ్లు, పిల్లల పుస్తకాలు, మిక్సీ, అన్నీ సరస్వతి ముందర పెట్టి గంధం, కుంకుమ బొట్లు పెడతాం. పూజలో పెట్టినదాన్ని మళ్లీ దశమి పొద్దున దాకా ముట్టకూడదు. కొత్త కీబోర్డు గూడా పీటెక్కింది. నేను గంధం గిన్నె అందుకున్నాను.

"ఏమండీ, మూలన ఒక్క బొట్టు చాలు" అనింది నా భార్య సుగుణ.

"తక్కెడకే మూడు బొట్లు పెడతామే, సరస్వతికి ఒకటా?"

"అది కరెంటు సామానండీ."

"నువ్వు సుమ్మా ఉండు, మాట్లాడొద్దు!"

అరవై ఒక్క మెట్లకూ గంధం పెట్టి, పైన కుంకుమ అద్దినాను. పన్నీరు పోసి అరగదీసిన గంధం, నా చెయ్యేమో ధారాళం. బొట్లు పాయసం మాదిరి జారి సందుల్లోకి దిగతా ఉంటే, అమ్మవారు స్వీకరిస్తా ఉందనుకున్నాను. మీకు తెలిసిపోయింది గదా? నాకు తెలిసేదానికి మర్నాటిదాకా పట్టింది.

దశమి పొద్దున ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. అవ్వ పట్టుచీర కట్టుకొని, మిరియాల పాలు తాగి, గొంతు సవరించుకునింది. నేను ప్లగ్గు పెట్టి, హార్మోనియం శబ్దం ఎంచుకొని, ఆమె శృతికి షడ్జమం, అదే 'స' మెట్టు గట్టిగా నొక్కినాను. మోగింది. అవ్వ తలూపింది. వేలు తీసినాను. మెట్టు పైకి రాలేదు. మోగతానే ఉంది!

పక్క మెట్టు నొక్కితే దిగలేదు. దాని పక్కదీ అంతే. రాత్రంతా ఆరిన గంధం సిమెంటైపోయింది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అనిందంట. నా మద్దెల నిజంగానే ఓడు, దాన్ని ఓడు చేసిందీ నేనే. పది వేళ్లతో తోసినా కుంకుమ రాలతా ఉంది గానీ ఇంకో స్వరం రాలేదు.

"సుగుణా, అట్లకాడ తే!" అని గొణిగినాను.

"అట్లకాడ దేనికండీ?"

"గీకాల!"

"అవ్వ మొదలుపెట్టేసింది. కదలకుండా కూర్చోండి!"

అవ్వ కళ్లు మూసుకొని పాడతా ఉంది. పల్లవిలో గొంతు వణికింది. అనుపల్లవికొచ్చేసరికి, ఆగకుండా మోగతా ఉన్న ఆ ఒక్క షడ్జమాన్ని పట్టుకొని నిలబడింది. పన్నెండేళ్లు లోపల దాచుకున్న పాటంతా బయటికొచ్చింది. నేను కదలని మెట్ల మీద వేళ్లు ఆడిస్తా, విద్వాంసుడి మాదిరి తలూపతా కూర్చున్నాను. ఒళ్లంతా చెమట, కళ్లనిండా నీళ్లు. భయమూ ఉంది, దానికంటే సంతోషం ఎక్కువ ఉంది.

పాట అయిపోయింది. చప్పట్లు గూడా అయిపోయినాయి. షడ్జమం మాత్రం అయిపోలేదు. సుగుణ లేచి ప్లగ్గు పీకింది.

"అవ్వా, అదొచ్చి..." అని నిజం చెప్పబోయినాను.

అవ్వ కుంకుమ అంటిన నా చేతులు రెండూ పట్టుకునింది. "చిన్నప్పట్నించీ మొత్తుకుంటా ఉన్నానే, పరిగెత్తకుండా శృతి పట్టుకొని కూర్చోమని! ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందిరా. నువ్వు ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదు" అనింది.

కాబట్టి మహాజనులారా, తక్కెడ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తా ఉన్నాను. ఈ జన్మలో ఏ వాయిద్యానికీ ఒక్క బొట్టుకు మించి గంధం పెట్టను. ఆ ఒక్క బొట్టు మాత్రం షడ్జమం మీదే పెడతాను.